సిల్క్ రోడ్డు మీద ఆ చివరిదాకా నడిచినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

నల్లరేగడి
గ్రూప్స్‌కి చదువుతున్నాను. ఏ గైడు తెరిచినా ఒకటే మ్యాపు. చైనాలో షియాన్ దగ్గర మొదలైన ఎర్రగీత ఎడారులు, కొండలు దాటుకుంటూ రోమ్ దాకా పోతుంది, దాని పక్కన వరసగా ఒంటెలు. నా డౌటు ఏంటంటే, నిజంగానే ఒక వ్యాపారి చైనాలో పట్టు ఎత్తుకుని ఆ గీత పొడుగునా నడిచి రోమ్‌లో అమ్ముకునేవాడా? వెళ్లి రావడానికే సగం జీవితం గడిచిపోతుంది కదా. పరీక్షలో ఏం రాయాలో నాకు తెలుసు. అక్కడ జరిగిందేమిటో తెలిసినవాళ్లు చెప్పండి.

వంకాయకూర
ఒంటెకి టీఏ, డీఏ ఇచ్చేవాళ్లేమో తమ్ముడూ.

సార్థవాహ
అలా చివరిదాకా వెళ్లిన వ్యాపారి దాఖలాలు దాదాపు లేవు. సరుకు చేతులు మారుతూ పోయేది. ఇప్పటి పశ్చిమ చైనాలోని కూచాలో బయల్దేరినవాడు తుర్ఫాన్‌లో అమ్ముకుని వెనక్కి వచ్చేస్తాడు, అక్కడ కొన్నవాడు దున్‌హువాంగ్ దాకా తీసుకెళ్తాడు. రాజ్యం మారిన చోట పాసు మారుతుంది, చెల్లే డబ్బు మారుతుంది. అసలు 'సిల్క్ రోడ్డు' అన్న పేరుకి ప్రచారం వచ్చిందే 1877లో, రిష్ట్‌హోఫెన్ అనే జర్మన్ భూగోళ శాస్త్రవేత్త వల్ల. ఆ దారిన తిరిగినవాళ్లకి అది పక్క ఊరికి పోయే దారి, అంతే.

నేను చెప్పిన పాసులు ఊహించి చెప్పినవి కావు. 640ల్లో కూచా అధికారులు చెక్కముక్కల మీద రాసిచ్చినవి దొరికాయి. బృందంలో మనుషులెందరు, జంతువులెన్ని అని వాటిలో లెక్క ఉంది. కొన్నిట్లో పదిమంది కూడా లేరు. 732లో షి రాన్‌దియాన్ అనే వ్యాపారి దగ్గరున్న పాసు కూడా తుర్ఫాన్‌లో బయటపడింది. అతను పది కంచరగాడిదలతో ఊరూరా తిరుగుతూ, ప్రతి చెక్‌పోస్టులో సంతకం పెట్టించుకుంటూ పోయాడు. వందల ఒంటెల బిడార్లు లేవని కాదు. రాయబారులు వెళ్లేటప్పుడు, సైన్యానికి జీతాలు పోయేటప్పుడు ఉండేవి. మామూలు వ్యాపారం మాత్రం ఇలా చిన్నచిన్నగానే సాగింది.

పాతనాణెం
సార్థవాహ గారూ, అంత చిన్నది చేసేస్తే ఎలా? సిరియాలో పామీరా సమాధుల్లో చైనా పట్టు దొరికింది, క్రీ.శ. మొదటి మూడు శతాబ్దాలది. రోమన్ రచయిత ప్లినీ అయితే ఇండియా, చైనా, అరేబియాలకి ఏటా పది కోట్ల సెస్టర్సులు (రోమన్ నాణేలు) పోతున్నాయని మొత్తుకున్నాడు. చిల్లర వ్యాపారానికి అంత ఏడుపు ఎందుకు?

సార్థవాహ
ప్లినీ లెక్కలో మొదటి పేరు ఎవరిదో మీరే రాశారు చూడండి. నాణేల సంగతి నాకన్నా మీకే బాగా తెలుసు. మన నల్గొండ జిల్లా అక్కనపల్లిలో రోమన్ వెండి దీనారాల నిధి బయటపడింది, తమిళనాడు, కేరళల్లో అయితే కుప్పలు కుప్పలు. చైనా సమాధుల్లో దొరికే బంగారు నాణేలు ఎక్కువగా బైజాంటిన్ చక్రవర్తులవి, ప్లినీ తర్వాత కొన్ని వందల ఏళ్లవి. వాటిలోనూ అచ్చుకి అచ్చు వేసిన నకిలీలు ఎన్నో.

పామీరాకి పట్టు చేరిన మాట నిజం. కాకపోతే గైడులో గీసిన గీత మీదుగానే చేరిందనుకోవాల్సిన పని లేదు. మొదటి శతాబ్దంలో గ్రీకు నావికుడొకడు రాసిన పెరిప్లస్‌లో ఈ సంగతి సూటిగా ఉంది: చైనా పట్టు బాక్ట్రియా (ఇప్పటి ఉత్తర అఫ్ఘనిస్తాన్) మీదుగా నేలదారిన బారుగజ, అంటే మన గుజరాత్ భరూచ్ రేవుకి వచ్చేది. అక్కడి నుంచి ఓడలు. మ్యాపులో పడమటికి పోయే గీత బాక్ట్రియాలోని బల్ఖ్ దగ్గర దక్షిణానికి ఎలా తిరిగిందో ఏ గైడూ చూపించదు.

పాతనాణెం
ఒప్పుకుంటాను, సగమే. బేగ్రాం నిధి మాటేమిటి? కాబూల్‌కి ఉత్తరాన, 1937, 1939ల్లో ఫ్రెంచివాళ్లు తవ్వితే మూసేసిన రెండు గదులు బయటపడ్డాయి. లోపల భారతీయ దంతపు చెక్కడాలు, రోమన్ గాజు పాత్రలు, చైనా లక్క సామాను పక్కపక్కనే ఉన్నాయి. మూడు దిక్కుల సరుకూ ఒకే గదిలో చేరిందంటే ఆ చౌరస్తా మామూలుది కాదు. గదుల్లో ఉన్నవి రాజుగారి సొత్తా, వ్యాపారి గోదామా అన్నది పండితులు ఇంకా తేల్చుకోలేదు. నా ఓటు గోదాముకే.

మునిసిపల్ లైబ్రరీ
సరుకుల సంగతి సరే, మనుషుల మాట కూడా కాస్త వినండి. 1907లో ఆరెల్ స్టెయిన్ అనే పురావస్తు శాస్త్రవేత్త దున్‌హువాంగ్‌కి పడమట ఒక పాడుబడ్డ కావలి బురుజులో కొన్ని ఉత్తరాలు తీశాడు. సోగ్దియన్ భాషలో, కాగితం మీద రాసినవి. సోగ్దియన్లంటే ఇప్పటి ఉజ్బెకిస్తాన్‌లోని సమర్‌ఖండ్ చుట్టుపక్కలవాళ్లు, ఈ దారిలో అందరికన్నా ఎక్కువగా తిరిగిన వ్యాపారులు. ఉత్తరాలు క్రీ.శ. 313 ప్రాంతంలోవి. వాటిని మోసుకెళ్తున్న పోస్టు సంచి ఆ బురుజు దాటలేదు.

వాటిలో రెండు మివ్నయ్ అనే ఆవిడ రాసినవి. మొగుడు నానై-ధాత్ ఆవిడనీ, కూతురు షైన్‌నీ దున్‌హువాంగ్‌లో వదిలేసి పోయాడు. మూడేళ్లు గడిచాయి. తల్లికి రాసిన ఉత్తరంలో తననెవరూ తీసుకెళ్లడం లేదంటుంది. ఊరి పెద్దని అడిగింది, మొగుడి తరఫు బంధువుని అడిగింది, ఒకరి మీద ఒకరు తోసేశారు. గుడి పూజారి ఒక్కడే ఒంటెనీ, తోడు ఒక మనిషినీ ఇస్తానన్నాడట. మొగుడికి రాసిన దాంట్లో అయితే దులిపేసింది. నీ మాట విని ఇక్కడికి వచ్చిన రోజున దేవుళ్లకి నా మీద కోపం వచ్చి ఉంటుంది, నీ పెళ్లాంగా ఉండే కంటే కుక్కకో పందికో పెళ్లాన్ని అయినా బాగుండేది అని. అడుగున కూతురి మాటలు కూడా ఉన్నాయి: ఫర్న్‌ఖుంద్ అనేవాడు అప్పులు చేసి పారిపోయాడు, వాడి అప్పు కోసం మేం చైనావాళ్ల దగ్గర పనికి కుదరాల్సి వచ్చింది అని.

పదిహేడు వందల ఏళ్ల కిందటి మాటలివి. చదివితే దుబాయ్ పోయినవాడి ఇంటి నుంచి వచ్చిన వాయిస్ మెసేజ్ విన్నట్టే ఉంటుంది.

కరీంనగర్ కోడలు
మా వాడకట్టులో ఇలాంటి మివ్నయ్‌లు ఉన్నారు. ఆ అప్పు చేసి పారిపోయిన క్యారెక్టర్ కూడా ఉన్నాడు. ఇంకేం చెప్పను.

సార్థవాహ
నల్లరేగడి అడిగినదానికి అదే సంచిలోని రెండో ఉత్తరం నేరుగా జవాబు చెబుతుంది. నానై-వందక్ అనే వ్యాపారి సమర్‌ఖండ్‌లో ఉన్న తన యజమానికి రాసింది. దాన్ని పట్టుగుడ్డలో చుట్టి, ముతక గుడ్డ కవరులో పెట్టి పంపాడు. చైనా లోపలి ఊళ్లలో ఎక్కడెక్కడ సోగ్దియన్లున్నారో అందరి క్షేమ సమాచారం, ఎవరికి ఎంత ఇవ్వాలి, ఎవరు ఏ సరుకు తెస్తున్నారు, అన్నీ ఉన్నాయి. అప్పటి చైనా రాజధాని లుయోయాంగ్ సంగతీ రాశాడు. కరువొచ్చి చక్రవర్తి ఊరొదిలి పారిపోయాడట, హూణులు నగరాన్ని తగలబెట్టారట, అక్కడున్న భారతీయులూ సోగ్దియన్లూ తిండి లేక చచ్చిపోయారట. 311లో లుయోయాంగ్ కూలిపోయిన సంగతి చైనా చరిత్రల్లో ఉన్నదే. ఇక్కడ మాత్రం బాకీ లెక్కల మధ్యలో వస్తుంది.

చివర్లో, 32 సంచుల కస్తూరి పంపుతున్నాను, దాన్ని అయిదు వాటాలు చేసి మూడు ఫలానా కుర్రాడికి ఇవ్వండి అని పంపకం చెప్పాడు. తాను బతికి బయటపడతానో లేదో అన్న బెంగ ఉత్తరంలో కనబడుతూనే ఉంది.

ఇప్పుడు చూడండి. సమర్‌ఖండ్‌లో సొమ్ము పెట్టినవాడు కదల్లేదు. చైనాలో ఏజెంట్లు ఊరికొకరు స్థిరపడిపోయారు. మధ్యలో తిరిగింది ఉత్తరాలూ కస్తూరీ. మ్యాపు మీది గీతని నడిపించింది ఇలా వలసపోయి కాపురాలు పెట్టుకున్నవాళ్లే. దేవుళ్లయినా, కథలయినా, వంటలయినా ఒక చోటి నుంచి ఇంకో చోటికి పోయింది ఎక్కువగా వీళ్ల ఇళ్లలోంచే అని నా అభిప్రాయం.

నల్లరేగడి
లుయోయాంగ్‌లో భారతీయులా? నాలుగో శతాబ్దంలోనే?

సార్థవాహ
అవును. బౌద్ధ భిక్షువులని మాత్రమే అనుకుంటాం, వ్యాపారులూ ఉన్నారు.

కాగితం పులి
ఒక పాయింటు కలుపుతాను. పైన లైబ్రరీ గారు 'కాగితం మీద' అన్నారు, గమనించారా? 313లోనే. కానీ పరీక్షల బిట్లలో ఇప్పటికీ '751 తలాస్ యుద్ధంలో బందీలైన చైనా పనివాళ్ల వల్ల అరబ్బులకి కాగితం తెలిసింది' అనే ఉంటుంది. ఆ కథ చెప్పింది అల్ థఆలిబీ, 11వ శతాబ్దపు రచయిత. యుద్ధానికి రెండు వందల యాభై ఏళ్లకు పైబడి తర్వాత. తలాస్‌కి ముందే, 722లో అరబ్బుల చేతిలో చచ్చిపోయిన దేవాష్టిచ్ అనే పాలకుడి (సమర్‌ఖండ్ దగ్గరి పంజికెంత్ ఊరివాడు) పత్రాలు తజికిస్తాన్‌లో ముగ్ కొండ కోటలో దొరికాయి. వాటిలో తోలు మీద రాసినవి ఉన్నాయి, కర్రల మీద రాసినవి ఉన్నాయి, కాగితాలూ ఉన్నాయి. కొన్నయితే చైనా ఆఫీసు కాగితాల వెనకవైపు రాసుకున్నవి.

పాతనాణెం
వెనకవైపు రాసుకున్నారంటేనే అక్కడ కాగితం తయారయ్యేది కాదని కదా అర్థం? చేతికి దొరికిన పాత కాగితాన్ని పొదుపుగా వాడుకున్నారు. వాడటం వేరు, తయారీ వేరు. థఆలిబీ చెప్పింది తయారీ గురించి.

కాగితం పులి
అది ఒప్పుకోవాల్సిన పాయింటే. నేననేది ఒక్కటే. ఒక యుద్ధం, ఒక రోజు, కొందరు బందీలు అంటే కథ బాగుంటుంది. నాలుగొందల ఏళ్లుగా కాగితం వాడుతున్న జనం దాన్ని చేయడం ఆ ఒక్కరోజే నేర్చుకున్నారంటే నాకు మింగుడుపడదు.

పాతనాణెం
నాకు పడుతుంది :) మనం దశాబ్దాల పాటు సెల్‌ఫోన్లు దిగుమతి చేసుకునే వాడుకున్నాం.

మునిసిపల్ లైబ్రరీ
ముగ్ పత్రాల్లో 710 నాటి పెళ్లి ఒప్పందం కూడా ఉందండోయ్, తోలు మీద రాసింది. మొగుడితో కుదరకపోతే భార్య విడిపోవచ్చని, ఎవరికి ఏం ముట్టాలో కూడా అందులో రాసుకున్నారు. మివ్నయ్ దగ్గర అలాంటి కాగితం ఉండి ఉంటే!

లెక్కలమాస్టారు
వ్యాపారం చిన్నది అంటున్నారు. మరి చైనాలో టాంగ్ వంశం ఏలిన కాలంలో అంత పట్టు ఎక్కడి నుంచి వచ్చి ఎక్కడికి పోయింది?

సార్థవాహ
మాస్టారూ, అది ప్రభుత్వం పంపిన సొమ్ము. టాంగ్ రాజ్యంలో పట్టు తాను అంటే డబ్బే. రాగి నాణేలు, ధాన్యం, పట్టు తానులు, మూడూ చెల్లేవి. పడమటి కోటల్లో ఉన్న సైన్యానికి జీతాలు తానుల రూపంలో పోయేవి. సిపాయి ఆ తాను ఇచ్చి తుర్ఫాన్ బజార్లో తిండి కొనుక్కుంటాడు, అలా బజారు నిండుతుంది. 755లో ఆన్ లూషాన్ అనే సేనాని తిరుగుబాటుతో ఆ సైన్యాలు వెనక్కి వచ్చాయి, ఆ ఊళ్ల వ్యాపారం చతికిలబడింది. ఆ లూషాన్ తండ్రి సోగ్దియనే కావడం ఇంకో విచిత్రం.

తానులతో అప్పులు ఎలా నడిచేవో చెప్పే కోర్టు కేసు ఒకటుంది. 670 ప్రాంతంలో త్సావో లూషాన్ అనే సోగ్దియన్ తుర్ఫాన్ కోర్టుకెక్కాడు. వాళ్లన్న, లీ అనే చైనా వ్యాపారికి 275 పట్టు తానులు అప్పిచ్చాడు. ఇప్పటి కజకిస్తాన్ సరిహద్దు దగ్గరి అల్మాలిక్‌లో జరిగిన బేరం. తర్వాత ఇద్దరూ వేరువేరుగా కూచాకి బయల్దేరారు. అన్న వెంట రెండు ఒంటెలు, నాలుగు పశువులు, ఒక గాడిద. ఆయన కూచా చేరనేలేదు. పత్రం ఆయనతోనే పోయింది. లీ మాత్రం తనకేం తెలియదన్నాడు. అప్పు ఇచ్చినప్పుడు చూసిన ఇద్దరు సోగ్దియన్లు వచ్చి సాక్ష్యం చెబితే, చైనా కోర్టు చైనావాడి మీదే తీర్పు చెప్పింది: తానులు వడ్డీతో సహా తమ్ముడికి కట్టాలని.

లెక్కలమాస్టారు
ఇంత వివరంగా ఆ కాగితం ఎలా మిగిలిందండీ? మన దగ్గర ముప్పై ఏళ్ల కిందటి పహాణీలే దొరకవు.

సార్థవాహ
చెప్పులుగా మిగిలింది మాస్టారూ! తుర్ఫాన్ పక్కన అస్తానా శ్మశానం ఉంది. అక్కడ శవాలకి కాగితంతో చేసిన చెప్పులు, టోపీలు, నడికట్లు తొడిగేవాళ్లు. కొత్త కాగితం ఖరీదు కాబట్టి ఆఫీసులు పారేసిన పాత ఫైళ్లు కత్తిరించి కుట్టేవాళ్లు. అది వాన ఎరగని నేల. పురావస్తు శాస్త్రవేత్తలు చెప్పుల కుట్లు విప్పి ముక్కలు అతికించుకుంటే తీర్పులు, పన్నులు, పాసులు చదవడానికి వచ్చాయి. తుర్ఫాన్ బజార్లో కాటా రుసుము కట్టిన లెక్క కూడా అలా దొరికిందే. అందులో బంగారం, వెండి, పట్టునూలు, కళాయివాళ్లు వాడే నవాసాగరం ఉన్నాయి. కొన్నవాడో అమ్మినవాడో సోగ్దియన్ కాని బేరాలు చాలా తక్కువ.

సమర్‌ఖండ్ స్టెతస్కోపు
ఇక్కడ ఎంబీబీఎస్ చదువుతున్నా. ఈ ఊళ్లో మన తెలుగువాళ్లం చాలామందిమే ఉన్నాం, కానీ అఫ్రాసియాబ్ మ్యూజియం దాకా పోయేవాళ్లు తక్కువ. 1965లో రోడ్డు వేస్తుంటే బయటపడ్డ గోడ చిత్రాలున్నాయి అక్కడ, 660 ప్రాంతంలోవి, వర్ఖుమాన్ అనే రాజు కాలంనాటివి. పడమటి గోడ మీద చైనా రాయబారులు పట్టు పట్టుకొచ్చారు, ఇంకోపక్క ఈకల టోపీలతో కొరియావాళ్లు. దక్షిణపు గోడ మీద ఊరేగింపు: ఏనుగు, ఒంటెలు, తెల్లటి బాతులు, మూతికి గుడ్డ కట్టుకున్న పూజారులు. మా ఆపరేషన్ థియేటర్ బ్యాచ్‌లాగే ఉన్నారని ఫ్రెండ్స్ అందరూ ఫొటో తీసుకున్నారు. అగ్నికి ఊపిరి తగలకూడదని జొరాస్ట్రియన్లు అలా కడతారట. తూర్పు గోడ బాగా చెడిపోయింది. దాని మీద ఉన్నది ఇండియా అని చాలామంది పండితుల మాట.

ఒక్కటి మాత్రం చెప్పాలి. ఆ గోడల రంగులు ఫొటోల్లో రావు. ఆ నీలం లాపిస్ రాయిది.

కరీంనగర్ కోడలు
కథలు కూడా అటు పోయాయని పైన ఎవరో అన్నారు. ఏ కథలు?

మునిసిపల్ లైబ్రరీ
పంచతంత్రం పోయింది! ఆరో శతాబ్దంలో పర్షియన్‌లోకి, అక్కడి నుంచి సిరియాక్‌లోకి పోయింది, ఆ పర్షియన్ నుంచే తర్వాత అరబ్బీలో 'కలీలా వ దిమ్నా' అయింది. కరటక దమనకులే కలీలా దిమ్నాలు. పంజికెంత్‌లో సోగ్దియన్ల ఇళ్లలో గోడల మీద ఈ కథల బొమ్మలున్నాయి. నూతిలో తన నీడ చూసి దూకే సింహం, కుందేలు కథ ఉందా, అదీ ఉంది. అదే ఊళ్లో ఈసప్ కథ, బంగారు గుడ్డు పెట్టే బాతు, కూడా ఉంది. పర్షియన్ కథల వీరుడు రుస్తుం యుద్ధాలూ ఉన్నాయి. డబ్బున్న షావుకారు హాల్లో పెద్దగా రుస్తుంని వేయించుకుని, కింద వరుసలో చిన్నచిన్న డబ్బాల్లో పంచతంత్రం, ఈసప్ వేయించుకునేవాడు. పిల్లల కోసం అని నా ఊహ.

గుంటూరు ఘాటు
ఇంతసేపూ ఆగాను. మన అమరావతికీ ఈ దారికీ సంబంధం లేదా? హ్యూయన్‌త్సాంగ్ ధాన్యకటకానికి వచ్చాడు కదా?

సార్థవాహ
వచ్చాడు, 639 ప్రాంతంలో. సుభూతి, సూర్య అనే ఇద్దరు భిక్షువుల దగ్గర కొన్ని నెలలు మహాసాంఘికుల అభిధర్మం చదువుకున్నాడు. వాళ్లు ఆయన దగ్గర మహాయాన శాస్త్రాలు నేర్చుకున్నారు. గైడుల్లో 'సందర్శించెను' అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు, ఇచ్చిపుచ్చుకున్న సంగతి రాయరు.

ఆయన ప్రయాణం ఖర్చు ఎవరు పెట్టుకున్నారో కూడా చూడండి. చక్రవర్తి అనుమతి లేకుండా దొంగచాటుగా బయల్దేరాడు. తుర్ఫాన్ రాజు ఈయన్ని వదలనన్నాడు, ఇక్కడే ఉండి మాకు బోధించమన్నాడు. ఈయన అన్నం మానేసి కూర్చున్నాడు. రాజు దిగొచ్చి బంగారం, వెండి నాణేలు, అయిదు వందల తానుల పట్టు, దారిలో ఉన్న ఇరవై నాలుగు రాజ్యాలకి సిఫార్సు ఉత్తరాలు ఇచ్చి సాగనంపాడు. అవి లేకపోతే ధాన్యకటకం దాకా రావడం కల్ల. 645లో 657 గ్రంథాలు ఇరవై గుర్రాల మీద వేసుకుని చైనా చేరాడు. అప్పటికి ఆ తుర్ఫాన్ రాజ్యమే లేదు, 640లో టాంగ్ సైన్యం మింగేసింది.

గుంటూరు ఘాటు
నాగార్జునకొండ శాసనంలో చైనా పేరు ఉందంటారు, నిజమేనా?

సార్థవాహ
ఉంది. ఇక్ష్వాకు వీరపురుషదత్తుడి కాలం, మూడో శతాబ్దం. బోధిసిరి అనే ఉపాసిక వేయించిన శాసనంలో కాశ్మీర, గాంధార, చీన, తోసలి, వంగ, వనవాసి, యవన, దమిళ అని జాబితా ఉంది. అయితే అది సింహళ భిక్షువుల్ని పొగుడుతూ, వాళ్లు ఫలానా దేశాలవారిని ధర్మంలోకి తెచ్చారని చెప్పే జాబితా. దాన్ని పట్టుకుని విజయపురి (నాగార్జునకొండ దగ్గరి ఇక్ష్వాకుల రాజధాని) నుంచి చైనాకి రోడ్డు వేసేయొద్దు. యూట్యూబ్‌లో ఆ పని ఇప్పటికే చేసేశారు.

మనకి నిజంగా ఉన్న నేలదారి వేరే. పెరిప్లస్‌లోనే ఉంది. భరూచ్ నుంచి దక్షిణంగా ఇరవై రోజుల ప్రయాణం పైఠాన్, అక్కడి నుంచి తూర్పుగా పది రోజులు తగర, అంటే ఇప్పటి ధారాశివ్ (పాత పేరు ఉస్మానాబాద్) జిల్లా తేర్. అక్కడి నుంచి బండ్ల మీద, దారీతెన్నూ లేని నేలల మీదుగా, సరుకు భరూచ్‌కి పోయేదట. ఎక్కువగా నూలు బట్టలు. తీరప్రాంతాల నుంచి వచ్చిన వేరే సరుకు కూడా తగరకి చేరేదని రాశాడు. తీరం అంటే తూర్పు తీరం అనే చాలామంది అర్థం చేసుకున్నారు. మసాలియా, మన మచిలీపట్నం వైపు, సన్నటి నూలు బట్టలు విస్తారంగా తయారయ్యేవని అదే పుస్తకంలో ఇంకోచోట ఉంది. ఆ దారిలో పడే ఊళ్లలో కొండాపూర్ ఒకటి.

మోడరేటర్
తగర, కొండాపూర్ చర్చకి కొత్త థ్రెడ్ తెరుస్తున్నాను, అక్కడ కొనసాగించండి. తలాస్ కాగితం గొడవ మాత్రం ఇక్కడే కొట్టుకోండి.

నల్లరేగడి
అందరికీ థాంక్స్. పరీక్షలో మాత్రం తలాస్ అనే రాస్తాను, మార్కులు అక్కడున్నాయి. కొండాపూర్ మాకు దగ్గరే, సంగారెడ్డి పక్కన. ఈ వారం మ్యూజియం చూసొచ్చి కొత్త థ్రెడ్‌లో ఫొటోలు పెడతా.

పాతనాణెం
శుక్రవారం మాత్రం వెళ్లకు తమ్ముడూ, సెలవు. శాతవాహన నాణేల ఫొటోలు బొమ్మా బొరుసూ రెండువైపులా కావాలి, వెలుతురు పక్కనుంచి పడేట్టు తియ్యి.